అకాల రోదన

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అన్నారు పెద్దలు. ఆ రెండూ వేళ కూడా ఎరగవని మాత్రం చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి మళ్ళీ చెప్పడమెందుకు అనుకుని ఉంటారు. ఆ ఒక్క ముక్కా చెప్పకపోవడం వల్ల ఎంత పని జరిగిందో నేరేడులంక అంగన్‌వాడీ టీచరు నూకరత్నాన్ని అడిగితే తెలుస్తుంది.

నూకరత్నం పందొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళో అంగన్‌వాడీ నడుపుతోంది. పైనుంచి వచ్చిన కాగితమంటే ఆవిడకు గురి. పోలియో చుక్కలు వెయ్యమని కాగితం వస్తే ఇంటింటికీ తిరిగి వేసింది. గర్భిణులకు మాత్రలు ఇవ్వమంటే ఇవ్వడమే కాదు, ఎదురుగా నిలబడి మింగించింది. అన్నిటివల్లా ఊరికి మేలే జరిగింది. కాబట్టి 'శిశు దినచర్యల ఏకీకరణ పథకం' అని అరవై నాలుగు పేజీల కాగితం వచ్చినప్పుడు కూడా ఆవిడ అనుమానించలేదు. అట్ట వేసి, పసుపు బొట్టు పెట్టి, బీరువాలో దాచింది.

ఆ పథకం పుట్టిన తీరు ఇది. శిశు దినచర్యల శాఖ సంచాలకులవారు ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళారు. అక్కడ ఒక ఇంట్లో పాపాయి సరిగ్గా ఒంటిగంటకు నిద్రపోవడం కళ్ళారా చూశారు. ఆ ఇంట్లో ఆయన ఉన్నది ముప్పావుగంట. తిరిగి వచ్చి మన దగ్గర లెక్కలు తీయిస్తే ఘోరాలు బయటపడ్డాయి. ఒక బిడ్డ పాలు తాగిన వేళకు ఇంకో బిడ్డ తాగడం లేదు. ఒకే వీధిలో ఒక ఇంటి బిడ్డ నిద్రపోతుంటే పక్కింటి బిడ్డ మేలుకుని కాళ్ళాడిస్తోంది. పుట్టిన ఏడాదిలోపే ఇంతటి అరాచకం ప్రబలుతుంటే ముందు ముందు పరిపాలన సాగేదెలాగని సంచాలకులవారు బెంగపడ్డారు. దాంతో, ఏడాది లోపు శిశువులందరూ ఒకే వేళకు తాగాలి, ఒకే వేళకు పడుకోవాలి అని ఉత్తర్వు వెలువడింది.

ఉదయం ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, మళ్ళీ ఆరు, తొమ్మిది. ఇవీ పాల వేళలు. ఒక్కో విడత పదిహేను నిమిషాలు. కుడిపక్క ఏడున్నర, ఎడమపక్క ఏడున్నర. నిద్ర పది నుంచి పదకొండున్నర దాకా ఒకసారి, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఒకసారి, నాలుగు నుంచి అయిదు దాకా ఇంకోసారి. రాత్రి సంగతికి ఒకటే మాట రాశారు: ఏకధాటి.

మండల కేంద్రంలో రెండు రోజులు శిక్షణ పెట్టారు. జిల్లా శిశు దినచర్యాధికారి పరాంకుశం గారు స్వయంగా వచ్చి, ఒక రబ్బరు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, పదిగంటలకు పడుకోబెట్టి చూపించారు. బొమ్మ పదిగంటలకు పడుకుంది. పదకొండున్నరకు లేపితే లేచింది. టీచర్లందరూ చప్పట్లు కొట్టారు. శాఖవారు రాయించిన ఆమోదిత జోలపాట కూడా అక్కడే నేర్పారు. 'నిదురించు నిదురించు నిర్ణీత వేళ, నిబంధనలు మీరకు నీవేవేళ' అని మొదలై, నాలుగు చరణాల తర్వాత సంచాలకులవారి దూరదృష్టిని పొగడటంతో ముగుస్తుంది. నూకరత్నం చేతులు కట్టుకుని లేచి ఒక్క ప్రశ్న అడిగింది.

"అయ్యగారండి, బిడ్డకి పదిన్నరకి ఆకలేత్తే ఏం సెయ్యాలండి?"

పరాంకుశం గారు చాలాసేపు పేజీలు తిప్పారు. "పదిన్నరకు ఆకలి అనే అంశం మార్గదర్శకాల్లో లేదమ్మా. లేని అంశం మీద చర్చ అప్రస్తుతం" అన్నారు. అదీ నిజమే కదా అని నూకరత్నం కూర్చుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆవిడ ఇంట్లోనే ఒక లబ్ధిదారు ఉంది. కూతురు సత్యవేణి పురిటికి వచ్చి ఆడపిల్లను కంది. మనవరాలి పేరు మోక్షిత. ఉత్తర్వు వచ్చేనాటికి నెలన్నర పిల్ల. కడుపు నిండితే పడుకునేది, ఖాళీ అయితే లేచేది, మధ్యలో పైకప్పు వంక చూసి నవ్వుకునేది. అంత బుద్ధిమంతురాలైన పిల్ల నేరేడులంకలో ఇంకొకటి లేదని ఎదురింటి ఇల్లాలు చిన్నారి కూడా ఒప్పుకునేది. చిన్నారికి కవల మగపిల్లలు, వాళ్ళ అల్లరి పడలేక ఎవరి పిల్లను చూసినా ఆవిడకు ముద్దే.

మోక్షితను దారిలో పెట్టడం తేలికే అనుకుంది నూకరత్నం. మొదటి వారం తొమ్మిది కొట్టేదాకా ఆగి పాలిమ్మంది, పది కొట్టగానే ఉయ్యాల ఊపింది. పిల్ల కాస్త గునిసినా సర్దుకుపోయింది. అసలు తంటా యాప్‌తో వచ్చింది.

టీచర్లు తప్పుడు లెక్కలు రాస్తారన్న అనుమానం శాఖకు మొదటి నుంచీ ఉంది. అందుకని ఫోనులో 'శిశుసమయం' అనే యాప్ వేసి ఇచ్చారు. ప్రతి నిద్రవేళ మధ్యలో, అంటే పొద్దుటి నిద్రకైతే పదీ ఇరవై నుంచి పదీ ఇరవై అయిదు లోపల, నిద్రపోతున్న బిడ్డ ముఖాన్ని ఫొటో తీసి పంపాలి. ఒకే ఫొటో రోజూ పంపకుండా ఒక జాగ్రత్త కూడా పెట్టారు. బిడ్డ కెమెరా వంక సూటిగా చూసి రెండుసార్లు కళ్ళు ఆర్పితేనే యాప్ ఒప్పుకుంటుంది.

నిద్రపోయే పిల్ల కళ్ళెలా ఆర్పుతుందని నూకరత్నం సూపర్‌వైజరు సరోజినీదేవిని అడిగింది. సరోజినీదేవి పాతికేళ్ళ సర్వీసున్న మనిషి, ఏ ప్రశ్నకూ తడుముకోదు. కళ్ళు మూసుకున్నంత మాత్రాన నిద్రపోతున్నట్టు రుజువేమిటని ఎదురు ప్రశ్న వేసింది. నిద్రపోతున్నానని బిడ్డే కళ్ళు తెరిచి ధ్రువీకరిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదని, సాఫ్ట్‌వేరు వాళ్ళు అన్నీ ఆలోచించే చేశారని వివరించింది.

ఊళ్ళో ఏడాది లోపు బిడ్డలు ఇరవై ముగ్గురు. అయిదు నిమిషాల్లో ఇరవై మూడు ఇళ్ళు తిరగడం ఎవరి వల్లా కాదు కాబట్టి, తల్లులందరూ పదింటికల్లా బిడ్డల్ని అంగన్‌వాడీకి తెచ్చి, చాపల మీద వరుస నంబర్ల ప్రకారం పడుకోబెట్టాలని తీర్మానమైంది. ఆమోదిత జోలపాట పాడగా పాడగా పదింబావుకు ఎక్కువమంది నిద్రపోయేవాళ్ళు. సరిగ్గా పదీ ఇరవైకి నూకరత్నం ఒకటో నంబరు బిడ్డ దగ్గర మొదలుపెట్టి అరికాలు గిల్లుకుంటూ వచ్చేది. ఒకటో నంబరు ఏడుపుకు నాలుగో నంబరు లేచేది. నాలుగో నంబరు ఏడుపుకు చిన్నారి కవలలు లేచేవాళ్ళు. కవలలు లేచాక ఇంక ఎవర్నీ లేపక్కర్లేదు, ఊరే లేచేది. ఇరవై ముగ్గురూ గుక్కపట్టి ఏడుస్తుంటే ఫోను మాత్రం తీయని ఆడగొంతుతో, 'శిశువు నిద్రించుచున్నది, ధన్యవాదములు' అని ఇరవై మూడుసార్లు చెప్పేది.

రోజుకు మూడుసార్లు ఇలా నిద్ర చెడితే పెద్దవాళ్ళే మనుషులు కారు. మోక్షిత పది రోజుల్లో మారిపోయింది. పడుకోవాలంటే భయపడేది. కళ్ళు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి తెరిచేది. పాల వేళకు అలసి నిద్రపోయేది, నిద్ర వేళకు ఆకలేసి ఏడ్చేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇప్పుడు అడిగినా పెట్టకూడదని రూలు. పిల్ల ఏడుస్తుంటే సత్యవేణి రవిక తడిసిపోయేది, గోడవైపు తిరిగి కూర్చుని తనూ ఏడ్చేది. నూకరత్నం వాకిట్లో నిలబడి, ఇంకో నలభై నిమిషాలే, ఇంకో అరగంటే అంటూ వేళ చెప్పేది. తన గొంతు తనకే పరాయిగా వినిపించేది ఆవిడకు. మిగతా ఇళ్ళ సంగతి తల్లులు చెప్పిందే యాప్‌లో ఎక్కించేది, తన ఇంట్లోది మాత్రం కళ్ళారా చూసింది కాబట్టి ప్రతి ఏడుపూ ఉన్నదున్నట్టు ఎక్కించేది.

మూడు వారాలపాటు మోక్షితను తూస్తే తక్కెడ మీద ముల్లు ఒక్క గీత కదల్లేదు. నాలుగో వారం కిందికి దిగింది. ఆ రోజు సత్యవేణి తల్లిని ఒక్క మాట అడిగింది.

"అమ్మా, నన్ను పెంచినప్పుడు మనింట్లో గడియారం ఉందా?"

లేదు. వాచీ కూడా లేదు. ఆ తర్వాత సత్యవేణి తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, చంటిదాన్ని మాత్రం తల్లి చేతికి ఇచ్చేది కాదు. ఊళ్ళో ఇన్ని వందలమంది బిడ్డల్ని ఎత్తుకున్న తను, సొంత మనవరాలిని ఎత్తుకోవడానికి లేకుండా పోయిందని నూకరత్నం కుమిలిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా నోటీసు అప్పుడే వచ్చింది. మోక్షిత పేరు మీదే వచ్చింది.

'కుమారి మోక్షిత, వయస్సు మూడు నెలల పదకొండు రోజులు, నేరేడులంక గ్రామం వారికి తెలియజేయునది ఏమనగా: గత నెల రోజులలో మీరు ముందస్తు అనుమతి లేకుండా నలభై ఒక్క పర్యాయములు అకాల రోదనకు పాల్పడినట్లును, పదిహేడు పర్యాయములు అనధికారముగా నిద్రించినట్లును, తొమ్మిది పర్యాయములు నిర్ణీత వేళలకు వెలుపల స్తన్యపానమునకు ప్రయత్నించినట్లును యాప్ ద్వారా మా దృష్టికి వచ్చినది. మండలమంతయు ఆకుపచ్చగా ఉండగా మీరొక్కరే ఎరుపు రంగులో ఉన్నారు. మిమ్ములను ఇరువది యొక్క రోజులు జిల్లా శిశు క్రమబద్ధీకరణ కేంద్రమునకు ఏల తరలించరాదో ఈ నెల పదునాలుగవ తేదీన స్వయముగా హాజరై సంజాయిషీ చెప్పుకొనవలెను.'

కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. కేంద్రంలోకి తల్లులకు ప్రవేశం లేదు. తల్లి సమక్షంలో శిశువులకు ఆకలి ప్రేరేపితమగుచున్నట్లు నిపుణులు కనుగొన్నారట.

సత్యవేణి నోటీసు చదివి, మడిచి, తల్లి చేతిలో పెట్టింది. పిల్లను గుండెకు అదుముకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తిడితేనే బాగుండేదనిపించింది నూకరత్నానికి.

సంజాయిషీకి నాలుగు రోజులుంది. మొదటి రోజు సరోజినీదేవి కాళ్ళావేళ్ళా పడింది. సరోజినీదేవికీ జాలేసింది, కాకపోతే జాలికి యాప్‌లో మీట లేదంది. రెండో రోజు మధ్యాహ్నం నూకరత్నం బీరువాలోంచి పసుపు బొట్టు పెట్టిన అరవై నాలుగు పేజీలూ తీసింది. అప్పటిదాకా ఆవిడ టైముల పట్టిక ఉన్న రెండు పేజీలే చదివింది. నిజం చెప్పాలంటే జిల్లాలో ఎవరూ అంతకు మించి చదవలేదు. మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి చదవసాగింది. పిల్లను ఇవ్వక్కర్లేదు అనే మాట ఒక్కటి ఎక్కడైనా ఉండకపోతుందా అని ఆవిడ ఆశ.

ఆ మాట ఎక్కడా లేదు. యాభై రెండో పేజీలో మాత్రం కమిటీ గురించి ఉంది. ప్రతి అంగన్‌వాడీకి ఒక దినచర్యల అమలు కమిటీ ఉండాలి. అందులో లబ్ధిదారుల్లోంచే ఒకరు ప్రతినిధిగా ఉండి తీరాలి. నేరేడులంక కమిటీలో ఆ చోటు మొదటి నుంచీ ఖాళీయే. దాని మీద కిందటిసారి తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు తనిఖీ పుస్తకంలో ఎర్ర సిరాతో, 'లబ్ధిదారుల ప్రతినిధి లేకుండుట తీవ్ర నిర్లక్ష్యము, తక్షణమే భర్తీ చేయవలెను' అని రాసి సంతకం కూడా పెట్టారు. ఎవరో ఒక తల్లిని వేద్దామనుకుని మరిచిపోయింది నూకరత్నం.

అయితే తల్లి పనికిరాదని ఇప్పుడు తెలిసింది. 'లబ్ధిదారు అనగా ఒక సంవత్సరము లోపు వయస్సు గల శిశువు మాత్రమే. తల్లి, తండ్రి, తాత, అవ్వ తదితరులు లబ్ధిదారులు కాజాలరు' అని నాలుగో పేజీలో ఉంది. శిశువుల పేరు చెప్పి పెద్దవాళ్ళు ఎక్కడ లాభపడిపోతారోనని గట్టిగా బిగించి రాసిన వాక్యం అది.

యాభై మూడో పేజీ ఆవిడ మూడుసార్లు చదివింది. 'కమిటీ సభ్యుల ఆహార, నిద్రా వేళలు వారి విధి నిర్వహణ దృష్ట్యా వారి విచక్షణకే వదిలివేయడమైనది. సభ్యులుగా ఎంపికైన వారి పేరు ఆ క్షణము నుండి లబ్ధిదారుల జాబితాలో ఉండరాదు.' ముసాయిదా రాసే రోజున ఎవరో పెద్ద అధికారి ఈ పన్నెండింటి భోజనం రూలు మనక్కూడానా అని ఆవులిస్తూ అడిగారని, అందుకని అందరికీ నిశ్చింతగా ఉండేందుకు ఈ పేరా చేర్చారని తర్వాత సరోజినీదేవి చెప్పింది.

నూకరత్నం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సాయంత్రమే తన ఇంటి వాకిట్లోనే, సరోజినీదేవి సమక్షంలో కమిటీ సమావేశం పెట్టింది. అధ్యక్షుడు వార్డు మెంబరు గంగరాజు. ఆయన సమావేశానికి రావడం, కుర్చీలో వెనక్కి వాలడం, చివర్న ఎవరో లేపితే సంతకం పెట్టడం ఆనవాయితీ. ఆ రోజూ ఆనవాయితీ తప్పలేదు. లోపల గదిలో మోక్షిత మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఏడుస్తూనే ఉంది.

పద్నాలుగో తేదీ ఉదయం పదకొండున్నరకు మండల ఆఫీసులో విచారణ. ఆటో దిగాక సత్యవేణి బిడ్డనెత్తుకుని, తల్లికి రెండు బారల దూరంలో నడుస్తూ వచ్చింది. కమిటీ రిజిస్టరులో రాసిన సంగతి నూకరత్నం కూతురికి చెప్పలేదు. చెప్పి, పని జరక్కపోతే ఆ పిల్ల తట్టుకోలేదని భయం. పరాంకుశం గారు పన్నెండైనా రాలేదు. పన్నెండింటి పాలకు లేపుదామంటే మోక్షిత ఆటో కుదుపుకు ఎప్పుడూ లేనంత గాఢంగా నిద్రపోయింది. ఒంటిగంటకూ ఆయన రాలేదు. దారిలో ఎవరో భోజనానికి ఆపారట, తర్వాత కాసేపు నడుం వాల్చారట. ఆయన ఒంటిగంటన్నరకు తాంబూలం నములుతూ వచ్చి కూర్చునేసరికి మోక్షిత లేచింది. నిద్రవేళలో లేచింది, ఆకలితో లేచింది. మళ్ళీ పాలవేళ మూడింటికి.

మోక్షిత ఏడ్చింది. ఆఫీసు గోడలు అదిరేలా ఏడ్చింది. విచారణాధికారి సమక్షంలోనే నేరం పునరావృతమైనట్టు పరాంకుశం గారు రాయించారు. సత్యవేణి రవిక ముందు భాగం తడిసింది. మూడింటిదాకా ఓపిక పట్టమని, అప్పటికి కేంద్రం బండి కూడా వచ్చేస్తుందని ఆయన సెలవిచ్చారు.

నూకరత్నం రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన తనిఖీ పుస్తకం, ఎర్ర సిరా ఉన్న పేజీకి తెరిచి పెట్టింది. దాని పక్కన అరవై నాలుగు పేజీల పుస్తకం, నాలుగో పేజీకీ యాభై మూడో పేజీకీ గుర్తులు పెట్టి.

"తమరు బర్తీ సెయ్యమన్నారు కదండి. సేసేనండి. ఈవిడ కమిటీ మెంబరండి, లబ్ధిదారు కాదండి. నోటీసు ఈవిడకి సెల్లదండి" అంది.

పరాంకుశం గారు చదివారు. మళ్ళీ చదివారు. ఎర్ర సిరా తనదే, సంతకం తనదే. నాలుగో పేజీ తప్పని అనాలంటే అది రాసింది సంచాలకులవారు, అనడానికి తగిన స్థాయి తనకు లేదు. చివరికి గొంతు సవరించుకుని, సభ్యురాలికి కమిటీ వ్యవహారాల మీద అవగాహన ఉందా అని సరోజినీదేవిని అడిగారు. మిగతా సభ్యులతో పోలిస్తే తక్కువేమీ కాదని, కనీసం సమావేశమంతా మెలకువగా ఉందని సరోజినీదేవి సమాధానమిచ్చింది. ఆవిడ పాతికేళ్ళ సర్వీసులో మేలు చేసిన మాట ఏదైనా ఉంటే అదే.

పరాంకుశం గారు కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, గుక్కపట్టి ఏడుస్తున్న మోక్షిత వంక చూసి గౌరవంగా అడిగారు.

"సభ్యురాలు గారి భోజనం అయిందా అమ్మా?"

ఆ మాటకు అటెండరు పరుగెత్తుకెళ్ళి మెత్తటి కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. సత్యవేణి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుపు ఆగింది. గదిలో మోక్షిత గుటకల చప్పుడు ఒక్కటే వినిపించింది. కుడిపక్క ఎంతసేపో, ఎడమపక్క ఎంతసేపో ఎవరూ చూడలేదు. తాగి తాగి, పెదవి మీద పాలచుక్కతోనే పిల్ల నిద్రపోయింది. సత్యవేణి పైట సర్దుకుని లేచి, పిల్లను తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. నూకరత్నం అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది, సిగ్గుపడలేదు.

కథ అక్కడితో అయిపోతే నూకరత్నం తన ఇంటి పిల్లను గట్టెక్కించుకున్న మామూలు మనిషి అయ్యుండేది. కానీ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చిన్నారి నిలబడి ఉంది, చెరో చంకలో కవలలతో. ఇద్దరి కళ్ళూ పీక్కుపోయి ఉన్నాయి.

"అత్తా, మావోళ్ళిద్దరికీ కూడా ఏదో ఓ పదవి సూడవా?" అంది చిన్నారి.

తన మనవరాలు నిద్రపోతుంటే ఇంకా ఇరవై ఇద్దరి అరికాళ్ళు తను గిల్లాలి. ఆ మాట నూకరత్నానికి అప్పుడే తట్టింది. మళ్ళీ పుస్తకం తీసింది. అవసరాన్ని బట్టి ఉపసంఘములు ఏర్పాటు చేసుకొనవచ్చునని యాభై నాలుగో పేజీలో ఉంది, ఎన్నో చెప్పలేదు. స్తన్యపాన సమన్వయ ఉపసంఘం పెట్టింది. ఉయ్యాల పర్యవేక్షణ ఉపసంఘం పెట్టింది. త్రేన్పుల నిఘా ఉపసంఘం, పక్కబట్టల సమీక్షా మండలి, ఎక్కిళ్ళ నివారణకు ఏకసభ్య సంఘం పెట్టింది. కవలలకు చెరొక ఉపసంఘం ఇచ్చింది, లేకపోతే పెద్దయ్యాక తగవులొస్తాయని. పది రోజుల్లో ఇరవై ముగ్గురూ పదవుల్లో ఉన్నారు. గంగరాజు ఇరవై మూడు సంతకాలు పెట్టాడు, ఒక్కదానికీ కళ్ళు తెరవలేదు. తల్లులను సభ్యుల వ్యక్తిగత సహాయకులుగా నమోదు చేశారు. ఇరవై ముగ్గురు సభ్యులూ ఆకలేసినప్పుడు తాగుతూ, నిద్రొచ్చినప్పుడు పడుకుంటూ విధులు నిర్వహించసాగారు. నెల తిరిగేసరికి తక్కెడ ముల్లు అందరికీ పైకే వెళ్ళింది.

యాప్‌లో నేరేడులంక పరిస్థితి ఇలా తయారైంది: లబ్ధిదారులు సున్న, అకాల రోదనలు సున్న, అనధికార నిద్రలు సున్న. సున్నకు సున్న నూటికి నూరు శాతమని యాప్ తేల్చింది. రాష్ట్రంలో నూటికి నూరు వచ్చిన ఊరు అదొక్కటే. సంచాలకులవారు స్వయంగా బయల్దేరి వచ్చారు.

అంగన్‌వాడీ ముందు షామియానా వేశారు. ఇరవై ముగ్గురు సభ్యులూ తమ సహాయకుల ఒళ్ళో వేదిక మీదే కూర్చున్నారు. సంచాలకులవారు గంటసేపు మాట్లాడారు. ఇన్నేళ్ళ సర్వీసులో సభ్యులు నూటికి నూరు మంది హాజరైన కమిటీని తాను ఎక్కడా చూడలేదన్నారు. సగం మంది సభ్యులు నిద్రపోతున్నారు, ఆయన అది గమనించినా ఏమీ అనలేదు. కమిటీ సభ్యులు నిద్రపోవడం ఆయనకు కొత్త కాదు. చివర్న ఫొటోగ్రాఫరును పిలిచి, నూకరత్నం వైపు తిరిగారు.

"ఈ పథకం వల్ల లబ్ధి పొందిన శిశువును ఒక్కరిని చూపించమ్మా. ఎత్తుకుని ఫొటో దిగుతాను."

"లబ్ధిదారులు ఎవురూ మిగల్లేదండి అయ్యగారూ. అందరూ బాగుపడిపోయేరండి" అంది నూకరత్నం.

సంచాలకులవారి ముఖం చిన్నబోయింది. పరాంకుశం గారు కంగారుగా జనంలోకి చూశారు. ముందు వరుసలో పోస్టాఫీసు సందు దమయంతి కూర్చుని ఉంది, నిండు నెలలతో. నొప్పులెప్పుడని సంచాలకులవారు మైకులోనే అడిగారు. ఇవాళో రేపో అన్నారని దమయంతి తలొంచుకుని చెప్పింది. ఆయన ముఖం వికసించింది. ఈ బిడ్డకు పుట్టిన నిమిషం నుంచే పట్టిక అమలు చేయాలని, మొదటి పాలు ఆ తర్వాత వచ్చే నిర్ణీత వేళకే ఇవ్వాలని, మొదటి నిద్రను తానే దగ్గరుండి ఫొటో తీయిస్తానని ప్రకటించారు. పరాంకుశం గారు ఆ మాటలు డైరీలో రాసుకున్నారు. దమయంతి చేయి పొట్ట మీదికి వెళ్ళింది. ఆమె నూకరత్నం వంక చూసింది.

నూకరత్నం వెనక్కి తిరిగేసరికి సత్యవేణి రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది, కలం మూత తీసి మరీ. నూకరత్నం వేదిక మెట్టు మీదే కూర్చుని రాసింది. సభ్యుని పేరు దగ్గర 'దమయంతి గారి బిడ్డ' అని, వయస్సు దగ్గర 'ఇంకా లేదు' అని, పదవి దగ్గర 'ఉపాధ్యక్ష' అని రాసింది. గంగరాజును లేపి సంతకం పెట్టించింది. తర్వాత ఆ పేజీనే, అతిథిగారి సంతకం కోసమని, సంచాలకులవారి ముందు పెట్టింది. ఆయన ఫొటోగ్రాఫరు వంక చూసి నవ్వుతూ, పేజీ చదవకుండానే, పచ్చ సిరాతో నిండుగా సంతకం చేశారు.

దమయంతికి ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. ఏడూ నలభైకి కాన్పయింది. మళ్ళీ పాలవేళకు ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. ఉపాధ్యక్షుల వారు పుట్టీ పుట్టగానే ఏడ్చారు. దమయంతి ఎవర్నీ అడక్కుండా పాలిచ్చింది.